చేబదులు ఇచ్చే ముందు: బంధుమిత్రుల అప్పులూ ఆదాయపు పన్నూ

తోడబుట్టినవారికో, స్నేహితులకో డబ్బు సర్దేటప్పుడు నోటు రాయించుకోవడానికి మనం మొహమాటపడతాం. అయితే ఆ డబ్బు అప్పేనని రేపు ఆదాయపు పన్ను అధికారి ముందు నిరూపించవలసి వస్తే, అక్కరకు వచ్చేవి ఆ కాగితమూ, బ్యాంకు ఖాతాలోని పద్దూనే.

ఇచ్చే మొత్తం 20,000 రూపాయలు గానీ, అంతకు మించి గానీ ఉంటే నగదుగా ఇవ్వవద్దు. 1961 నాటి చట్టంలోని 269ఎస్‌ఎస్ సెక్షన్ ప్రకారం అంత అప్పును అకౌంట్ పేయీ చెక్కు, డీడీ, లేదా నెఫ్ట్, యూపీఐ వంటి బ్యాంకు మార్గాలలోనే పుచ్చుకోవాలి. విడతలుగా ఇచ్చినా లాభం లేదు. 15,000 బాకీ ఉండగానే మరో 10,000 నగదుగా పుచ్చుకుంటే పరిమితి దాటినట్టే లెక్క. తిరిగి చెల్లించేటప్పుడు కూడా 269టి సెక్షన్ ఇదే కట్టడి పెడుతుంది, అక్కడ వడ్డీని కూడా కలిపి చూస్తారు. ఉల్లంఘిస్తే ఆ మొత్తానికి సమానమైన జరిమానా పడవచ్చు. చిత్రమేమిటంటే, పుచ్చుకున్నందుకైనా తిరిగి ఇచ్చినందుకైనా ఆ జరిమానా అప్పు తీసుకున్న వ్యక్తికే. కనుక నగదు చేతిలో పెట్టి సాయం చేశామనుకునేవారు ఆత్మీయుణ్ణే చిక్కులో పడేస్తారు. సహేతుకమైన కారణం చూపితే మినహాయింపు దొరకవచ్చు. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయం ఉండి, ఇద్దరిలో ఎవరికీ పన్ను పడే ఆదాయం లేకపోతే అప్పు పుచ్చుకునేటప్పటి నిబంధన వర్తించదు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన 2025 చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయని గమనించాలి.

వడ్డీ తీసుకోకపోతే, రాని వడ్డీని ఊహించి మీపై పన్ను వేయరు. తీసుకుంటే మాత్రం అది ‘ఇతర వనరుల నుంచి ఆదాయం’ కింద మీ శ్లాబు ప్రకారం పన్నుకు లోబడుతుంది. నూటికి నెలకు రూపాయి చొప్పున 3 లక్షలు ఇస్తే ఏడాదికి 36,000 రూపాయలు రిటర్నులో చూపాలి. వడ్డీని చేతికందిన ఏడాది చూపుతారా, రావలసిన ఏడాది చూపుతారా అన్నది ముందే నిర్ణయించుకుని, ఏటా అదే పద్ధతి పాటించండి. వచ్చిన ప్రతి సొమ్ములో అసలెంతో, వడ్డీ ఎంతో అప్పటికప్పుడే రాసుకోకపోతే తరువాత ఆ లెక్క తేల్చడం కష్టం.

అప్పుకూ కానుకకూ తేడా స్పష్టంగా ఉండాలని పట్టుబట్టడానికి మరో కారణముంది. చట్టం చెప్పే ‘బంధువులు’ కాని వారి నుంచి ఏడాదిలో మొత్తం 50,000 రూపాయలకు మించి డబ్బు ఉచితంగా అందితే, పెళ్లి వంటి కొన్ని సందర్భాలలో తప్ప, ఆ మొత్తమంతా పుచ్చుకున్నవారి ఆదాయమే. మన వరసలు ఇక్కడ చెల్లవు. బాబాయి కొడుకును మనం తమ్ముడనే పిలుస్తాం గానీ చట్టం అతణ్ణి సోదరుడిగా లెక్కించదు. మేనమామ మేనల్లుడికి ఇచ్చిన కానుకపై పన్ను లేదు, అదే మేనల్లుడు మేనమామకు ఇస్తే పుచ్చుకున్న మామకు పన్ను పడుతుంది. నోటు లేని అప్పును కానుకగా చూసే ప్రమాదం స్నేహితుల విషయంలో, ఇలాంటి వరసల విషయంలో ఎక్కువ.

ఇల్లు కొనడానికో, కట్టడానికో మీరు అప్పు ఇచ్చి వడ్డీ తీసుకుంటుంటే, పాత పన్ను విధానంలో ఉన్న రుణగ్రహీత ఆ వడ్డీకి తగ్గింపు కోరవచ్చు. అందుకు మీరు వడ్డీ ధ్రువపత్రం ఇవ్వాలి. అసలు చెల్లింపుకు మాత్రం పాత చట్టంలోని 80సి సెక్షన్ కింద ఇచ్చే పన్ను తగ్గింపు దక్కదు.

చివరగా, అప్పు మునిగిపోతే ఆ నష్టాన్ని మీ జీతంలో నుంచి తగ్గించి చూపే వీలు లేదు. మొండి బాకీల తగ్గింపు వడ్డీ వ్యాపారం చేసేవారికే. అందువల్ల రెవెన్యూ స్టాంపుపై సంతకంతో ప్రామిసరీ నోటు రాయించుకోండి. అడిగినప్పుడు చెల్లించే నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్లలో కాలదోషం పడుతుంది గనుక, ఆ గడువు తీరకముందే కొంత సొమ్ము జమ చేయించుకుని, నోటు వెనుక తేదీతో చెల్లు వేయించి, అప్పు తీసుకున్నవారి చేత సంతకం చేయించుకోవాలి.