అనంతపురంలో మే నెల ఇంటర్న్‌షిప్: లాయరు ఆఫీసులో నాలుగు వారాలు దండగ కాకుండా

మే నెలలో సివిల్ కోర్టులకు సెలవులు కదా, లాయరు దగ్గర చేరి ఏం చేస్తావు అని మా లా కాలేజీ క్లాసులో చాలామంది అడిగారు. వాళ్లంతా హైదరాబాదు, బెంగుళూరు ఫర్ములకు మెయిళ్లు పెట్టుకుంటున్నారు. నేను అంతకుముందు వేసవిలో అలాంటి ఒక అద్దాల ఆఫీసులో చేసొచ్చినదాన్నే. ఏసీ బాగుంది, కాఫీ బాగుంది. పేజీ నంబర్లు వేయడం తప్ప నాకు అప్పగించిన పనంటూ లేదు. ఈసారి అనంతపురంలోనే ఒక సీనియర్ లాయరు గారి ఆఫీసులో చేరాను. మన జిల్లాల్లో ఇంటర్న్‌షిప్ చేయడానికి మే నెలే మంచిదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. మిగతా నెలల్లో సీనియర్‌కు మీతో రెండు ముక్కలు మాట్లాడే తీరిక ఉండదు. మేలో మాత్రం సాయంత్రాలు ఖాళీగా దొరుకుతారు, అడిగితే విసుక్కోకుండా చెబుతారు. కర్నూలు, కడప లా విద్యార్థులకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ముందు లెక్క చూసుకోండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్ ప్రకారం మూడేళ్ల కోర్సు వాళ్లు మొత్తం 12 వారాలు, ఐదేళ్ల కోర్సు వాళ్లు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ ఏడాదిలోనూ ఏకబిగిన నాలుగు వారాలకు మించి చేయకూడదు. చదువు అయిపోయేలోగా ఒక్కసారైనా ట్రయల్, అప్పీలు కేసులు చూసే లాయర్ల దగ్గర ఉండాలి. కాబట్టి ఎన్ని కంపెనీలు, ఎన్ని ఎన్జీవోలు తిరిగినా కోర్టు లాయరు గడప తొక్కక తప్పదు. ఆ తొక్కేదేదో సొంత జిల్లాలో తొక్కితే హాస్టలు ఖర్చు మిగులుతుంది. స్టైపెండు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఆఫీసు వెతకడం

ఈ ఊళ్లలో ఫర్మ్ అని బోర్డు కోసం చూస్తే దొరకదు. ఆఫీసంటే ఒక సీనియర్, ఇద్దరు ముగ్గురు జూనియర్లు, ఒక గుమాస్తా, ఒక టైపిస్టు. చాలాచోట్ల ఇంటి ముందుగదే ఆఫీసు. మెయిలు పెడితే చూసే నాథుడుండడు. ఏప్రిల్ మొదట్లోనే మనిషి వెళ్లి అడగాలి. పొద్దున పదింటికి వెళ్లారా, అందరూ కోర్టుకు పరిగెత్తే హడావుడిలో ఉంటారు, మీ మొహం కూడా చూడరు. సాయంత్రం ఏడు దాటాక వెళ్లి, క్లయింట్లతో పాటు బెంచీ మీద కూర్చోండి. కాలేజీ ఇచ్చిన లెటరు చేతిలో ఉంచుకోండి. తెలిసినవాళ్ల చేత ఒక మాట చెప్పించుకోవడం నామోషీ ఏం కాదు. మా మేనమామ గట్టు తగాదా చూసిన లాయరు గారు చెబితేనే నాకు ఈ ఆఫీసు దొరికింది.

చేరేముందు అడగాల్సినది ఒకటే: "సార్, మన ఆఫీసులో క్రిమినల్ సైడు ఉందా?" మేలో సివిల్ కోర్టులు మూసినా, క్రిమినల్ కేసులు చూసే మెజిస్ట్రేటు కోర్టులు నడుస్తూనే ఉంటాయి. ఒట్టి సివిల్ ఆఫీసులో చేరితే కోర్టు హాలు చూడకుండానే నెల గడిచిపోతుంది. ఒట్టి క్రిమినల్ ఆఫీసయితే దావా ఎలా తయారవుతుందో తెలియదు. రెండూ ఉన్నచోట పొద్దున మెజిస్ట్రేటు కోర్టు, సాయంత్రం సివిల్ కట్టలు, అంటే కేసు కాగితాల ఫైళ్లు.

బట్టల గురించి అమ్మాయిలు ఎక్కువ అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా. తెలుపు, నలుపు, అంతే. వేసవిలో కింది కోర్టుల్లో లాయర్లకే నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నిబంధనలో ఉంది. అనంతపురం ఎండలో మీరు కోటు తగిలించుకుని ఎవరినీ మెప్పించాల్సిన పని లేదు. అయినా సీనియర్‌ను ఒకసారి అడగండి, కొందరికి పట్టింపు ఉంటుంది. మెడలో తెల్ల బ్యాండు మాత్రం వేయొద్దు, అది బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయిన లాయర్లది.

గుమాస్తా పక్కన కుర్చీ

మొదటిరోజు సీనియర్ ఎదురుగా కుర్చీ చూపిస్తారు. అక్కడ కూర్చుంటే వచ్చేపోయే క్లయింట్లకు నమస్కారాలు పెట్టడంతోనే పొద్దు పోతుంది. వీలు చూసుకుని గుమాస్తా బల్ల పక్కకు జరగండి. మా ఆఫీసు గుమాస్తా అన్నకు లా డిగ్రీ లేదు. కానీ దావా వేస్తే కోర్టు ఆఫీసు ఏ అభ్యంతరం రాసి రిటర్న్ చేస్తుందో ముందే చెప్పేస్తాడు. కోర్టు ఫీజు తక్కువ కట్టారని, వకాలత్ (లాయరును పెట్టుకుంటూ క్లయింటు ఇచ్చే పత్రం) మీద లాయర్ల వెల్ఫేర్ స్టాంపు లేదని, ప్రతివాది తండ్రి పేరు దావాలో ఒకరకంగా, దస్తావేజులో ఇంకోరకంగా ఉందని. ఇవేవీ మన సిలబస్‌లో లేవు.

ఆయన దగ్గర ముందుగా కట్ట చదవడం నేర్చుకోండి. ఓఎస్ అంటే అసలు దావా, ఐఏ అంటే అందులో మధ్యలో వేసే పిటిషను, ఈపీ అంటే డిక్రీ అమలు, సీసీ అంటే మెజిస్ట్రేటు దగ్గరి కేసు, ఎస్సీ అంటే సెషన్స్ కేసు, ఎంవీఓపీ అంటే రోడ్డు ప్రమాదం నష్టపరిహారం. డాకెట్ షీటు (ప్రతి వాయిదాకు ఏం జరిగిందో రాసే కాగితం) తిరగేస్తే ఎవరు ఎన్ని వాయిదాలు తీసుకున్నారో కథంతా అందులోనే ఉంటుంది. సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకూ కోర్టు ఇచ్చే విడి నంబరు) ఉంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో తర్వాతి వాయిదా చూసి ఆఫీసు డైరీలో ఎక్కించే పని అడిగి తీసుకోండి. చిన్న పనే, కానీ వారం తిరిగేసరికి ఆఫీసులో ఉన్న కేసులన్నీ మీ నోటికి వచ్చేస్తాయి.

రాయదుర్గం వైపు కేసులుంటే ఇంకో సంగతి. ఆ తాలూకా 1953 దాకా బళ్లారి జిల్లాలోదే. పాత దస్తావేజులు కన్నడంలో తగలొచ్చు. కన్నడం చదవగలిగితే ఆఫీసులో మీకు రాజమర్యాదే.

ప్రోనోటు చూడడం

మేలో అన్నిటికంటే ఎక్కువ పని ఉండేది ప్రోనోటు దావాలతో. ప్రోనోటంటే అప్పు తీసుకున్నవాడు తిరిగి కడతానని రాసిచ్చే కాగితం. దీని దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే మన సీమలో వడ్డీ లావాదేవీ అంటే ఇప్పటికీ తెల్లకాగితం, రెవెన్యూ స్టాంపే.

కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక పెద్దాయన ప్లాస్టిక్ కవర్లో నోటు పట్టుకొచ్చాడు. నాలుగు మడతలు పెట్టిన కాగితం, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోతున్నాయి. తారీఖు 12-5-2022. రెండు లక్షలు, "నెల 1కి నూటికి రూ. 2-00 చొప్పున వడ్డీ". కింద స్టాంపు మీదుగా సంతకం, పక్కన ఇద్దరు సాక్షులు, రాసినవాడి దస్తూరి. నేను గొలుసుకట్టు రాతను కూడబలుక్కుంటూ చదువుతున్నాను. గుమాస్తా అన్న చదవనివ్వలేదు. "ముందు వెనక్కి తిప్పు పాపా" అన్నాడు.

వెనకే అసలు సంగతి ఉంటుందట. ప్రోనోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. ఆ మూడేళ్లు దాటకముందే బాకీదారు కొంత డబ్బు కట్టి, వెనక చెల్లు రాసి సంతకం పెట్టి ఉంటే, లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం అక్కడి నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. చెల్లు బాకీదారు రాసిందో, సంతకం పెట్టిందో అయి ఉండాలి. అప్పిచ్చినాయన తన చేత్తో తనే "రూ. 5,000 ముట్టినది" అని రాసుకుంటే లాభం లేదు. పెద్దాయన నోటు వెనక ఖాళీ.

"మే 12తో అయిపోయింది కదా సామీ, ఇంక రాదా?" అని పెద్దాయన బిక్కమొహం వేశాడు. ఆ రోజు తారీఖు 2025 మే 20. నాకూ గుండె ఝల్లుమంది. సీనియర్ తల ఎత్తకుండానే చెప్పారు: కోర్టు మూసి ఉన్న రోజుల్లో గడువు ముగిస్తే, తిరిగి తెరిచిన రోజున వేయొచ్చు. లిమిటేషన్ చట్టం నాలుగో సెక్షన్. తెరిచిన రోజే, మర్నాడు కాదు. అందుకే మేలో ప్రతి సివిల్ ఆఫీసులోనూ ఇలాంటి నోట్లు ఏరి, దావాలు టైపు చేయించి, కోర్టు ఫీజు లెక్కగట్టి, సంతకాలు తీసుకుని సిద్ధంగా పెట్టుకుంటారు. ఆ ఏరే పని మీరు అడిగి తీసుకోండి. నోటు తారీఖు, గడువు తారీఖు, వెనక చెల్లు ఉందా, ఏ ఊళ్లో రాశారు, బాకీదారు ఎక్కడ ఉంటాడు, ఇవన్నీ ఒక కాగితం మీద గళ్లు గీసి రాసుకోండి. ఊరు ఎందుకంటే, దావా తాడిపత్రిలో వేయాలా, గుత్తిలో వేయాలా, ఇక్కడా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

వడ్డీ కూడా మీరే లెక్కగట్టండి. రెండు లక్షలకు నెలకు 4,000, మూడేళ్లకు 1,44,000, అసలుతో కలిపి 3,44,000. పెద్దాయన లెక్కలో చక్రవడ్డీ కలిసి ఇంకా పెద్ద అంకె ఉంది. అది రాదని ఆయనకు నచ్చచెప్పడం సీనియర్‌కే వదిలేయండి. డిక్రీ వచ్చాక కట్టేదాకా వడ్డీ కోర్టు ఇష్టం, వ్యాపార లావాదేవీ కాకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 34వ సెక్షన్ ప్రకారం 6 శాతానికి మించదు.

ఇదే ఊపులో చెక్కు బౌన్సు కేసును కూడా "తెరిచాక వేద్దాంలే" అనుకుంటే మునిగినట్టే. అది మెజిస్ట్రేటు కోర్టులో వేసేది, ఆ కోర్టుకు మేలో సెలవు లేదు. బ్యాంకు నుంచి చెక్కు తిరిగొచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక 15 రోజులు ఆగాలి. డబ్బు రాకపోతే ఆపైన నెలలోపు ఫిర్యాదు వేయాలి. ఆలస్యమైతే కారణం చూపించి పిటిషను పెట్టుకోవచ్చు గానీ, ఆ కారణం మెజిస్ట్రేటుకు నచ్చాలి. ఈ మూడు తారీఖులూ బ్యాంకు మెమో మీదే పెన్సిలుతో రాసిపెట్టడం మా ఆఫీసు పద్ధతి.

మెజిస్ట్రేటు కోర్టులో

పదిన్నరకు కాల్ వర్క్, అంటే కేసులు వరసగా పిలవడం, మొదలవుతుంది. వెనక బెంచీలో గోడకు ఆనుకుని కూర్చుంటే ఏమీ వినపడదు. జూనియర్ లాయరు వెనకే నిలబడండి. ముద్దాయి రాకపోతే ఆబ్సెంట్ పిటిషను వేస్తారు. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో అది 317వ సెక్షన్, దాని బదులు వచ్చిన కొత్త బీఎన్‌ఎస్‌ఎస్‌లో 355. అందరూ ఇప్పటికీ "త్రీ సెవెంటీన్" అనే అంటారు, కంగారుపడకండి. కొత్త చట్టాలు 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు జరిగిన నేరాలకు ఐపీసీయే. కాబట్టి సంచీలో పాతవీ కొత్తవీ రెండు బేర్ యాక్టులూ (ఒట్టి చట్టం మాత్రమే ఉండే పుస్తకాలు) పెట్టుకోండి, బరువైనా సరే. ఆబ్సెంట్ పిటిషను మీరే రాసి చూపించండి. ఒక పేజీ కూడా ఉండదు, అయినా మీ చేతిరాతలోని ముసాయిదా టైపై కోర్టులోకి వెళ్తే వచ్చే ఆనందం వేరు. మీరు మాత్రం నోరు మెదపకూడదు. కోర్టులో వాదించే హక్కు ఎన్‌రోల్ అయిన లాయరుదే.

బెయిలు వచ్చాక షూరిటీల, అంటే జామీనుల, తంతు తప్పక చూడండి. పాస్‌బుక్కులు, ఇంటిపన్ను రసీదులు పట్టుకుని జామీనుదారులు వరసగా నిలబడతారు. బెయిలు వచ్చినా మనిషి ఎందుకు ఇంటికి రాలేదో అక్కడ అర్థమవుతుంది.

మధ్యాహ్నం విరామంలో క్యాంటీనులో ఉగ్గాని, బజ్జీ తింటూ జూనియర్లు చెప్పుకునే మాటలు చెవిన వేసుకోండి. ఏ పిటిషను ఎందుకు కొట్టేశారో అక్కడే బయటపడుతుంది. ఒక మధ్యాహ్నం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు కూడా వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును పెడతారని మన ఊళ్లలో ఇంకా చాలామందికి తెలియదు. హెల్ప్‌లైన్ నంబరు 15100, ఫోన్‌లో వేసుకోండి.

క్లయింటు చెప్పింది బయటికి పోకూడదు. అనంతపురం ఎంత, అందరూ అందరికీ చుట్టాలే. విడాకుల కేసులో వచ్చినామె రేపు పెళ్లిలో మీ పక్కన కూర్చుని భోంచేస్తుంది. ఇంట్లో అమ్మ అడిగినా "ఏదో భూమి కేసులేమ్మా" అని దాటేయండి. కట్టల ఫొటోలు స్టేటస్‌లో పెట్టేవాళ్లను చూశాను, వాళ్లకు ఇంకేం చెప్పాలో నాకు తెలియదు.

కాలేజీ అడిగే డైరీలో కూడా పేర్లు రాయొద్దు. తారీఖు, ఏ కోర్టు, ఏ రకం కేసు, మీరేం చేశారు, అంత చాలు. సంతకాలు వారం వారం పెట్టించుకోండి. అన్నీ చివరి రోజుకు పెట్టుకుంటే ఆ రోజు సీనియర్ పెళ్లికో, తిరుమలకో వెళ్లి ఉంటారు. సర్టిఫికెట్ లెటర్‌హెడ్ మీద ఉండాలి, చేరిన తారీఖు, ముగిసిన తారీఖు, సీనియర్ ఎన్‌రోల్‌మెంటు నంబరు, సంతకం, సీలు ఉండాలి. ముసాయిదా మీరే రాసి టైపిస్టుకు ఇస్తే అదే రోజు చేతికొస్తుంది. జూన్‌లో కోర్టు తెరిచే రోజుకు మీ నాలుగు వారాలు అయిపోయినా సరే, గుమాస్తా అన్నకు ఫోన్ చేసి ఫైలింగుకు వస్తానని చెప్పండి. ఆ రోజు ఫైలింగ్ సెక్షన్ దగ్గర కట్టలు మోసేవాళ్లు ఎంతమంది ఉన్నా చాలరు.