వరద వచ్చినంత మాత్రాన కథ కాదు

కోనసీమ లంకల (గోదారి మధ్య దీవుల) మీద కథ రాసేటప్పుడు తరచూ జరిగే పొరపాటు, గోదారి పొంగడమే సంఘర్షణ అనుకోవడం. అది పరిస్థితి మాత్రమే. ఎవరికో ఏదో కావాలి, దానికి నీళ్లు అడ్డుపడాలి. అప్పుడే మనిషికీ ప్రకృతికీ మధ్య సంఘర్షణ.

ముందు ఒక్క వాక్యం రాసుకోండి: ఎవరు, ఏం కావాలి, ఏది అడ్డు, ఎప్పటిలోగా. ఉదాహరణకి, "లంక రైతు అరటిగెలలు ఏటిగట్టుకి చేర్చాలి, ఉన్నది ఒక్కటే పడవ." గడువుకి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారి నీటిమట్టం పనికొస్తుంది: మొదటి వరద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. ఒక్కో అంకె దాటినప్పుడల్లా రైతుకి ఒక దారి మూసుకుపోవాలి. మూసుకోకపోతే వర్ణన పెరుగుతుంది, కథ కదలదు.

పడవలో గెలలా, పక్కింటి ముసలమ్మా? ఇది లోపలి సంఘర్షణ, చదువరిని పట్టేది ఎక్కువగా ఇదే. పడవవాడు బేరం పెడితే మనిషితో సంఘర్షణ. పరిహారం జాబితాలో కౌలుదారు పేరు లేకపోతే సమాజంతో. నాలుగూ కూరకండి, చిన్నకథకి బయట ఒకటి, లోపల ఒకటి చాలు.

రాశాక వరద తీసేసి చదవండి. కథ అలాగే నడిచిపోతుంటే, ఆ నీళ్లు అలంకారమే. రెండు వాక్యాలకి కుదించేయండి.