లైవ్ సర్వర్‌లో మొదటి కమాండ్ కొట్టే ముందు

అమీర్‌పేటలో లినక్స్ కోర్సు పూర్తి చేసి ఉద్యోగంలో చేరిన కొద్ది రోజులకే కొందరి చేతికి రూట్ (సర్వర్‌లో ఏదైనా చేయగల యూజర్) పాస్‌వర్డ్ వచ్చేస్తుంది. క్లాసులో వర్చువల్ మెషీన్ పాడైతే ఇంకోటి పెట్టుకుంటే సరిపోయేది. లైవ్ సర్వర్‌లో ఆ వెసులుబాటు ఉండదు. రూట్‌గా ఉన్నప్పుడు చాలా కమాండ్లు "నిజంగా చేయమంటారా?" అని అడగవు. ఎంటర్ కొట్టాక ప్రాంప్ట్ (కమాండ్ కొట్టే లైన్) చప్పుడు లేకుండా తిరిగొచ్చిందంటే పని అయిపోయినట్టే.

అందుకే అన్నిటికన్నా ముందు ఏ మెషీన్‌లో ఉన్నారో చూసుకోండి. 2017 జనవరి 31 రాత్రి, కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు రెండో డేటాబేస్ సర్వర్‌లో ఫోల్డర్ తీసేస్తున్నాననుకుని, అసలు సర్వర్‌లో తీసేశారు. ఒకటి రెండు సెకన్లలోనే గమనించి ఆపినా, దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది. రోజువారీ బ్యాకప్ చూస్తే అది కొంతకాలంగా పనిచేయడమే లేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసుకున్న స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్న డేటా నకలు) ఉండబట్టి గట్టెక్కారు. జరిగిందంతా దాచకుండా బయటపెట్టినందుకు ఆ సంస్థ మీద నాకు గౌరవం.

హోస్ట్‌నేమ్ (ఏ మెషీన్), హూయామ్ఐ (ఏ యూజర్), పీడబ్ల్యూడీ (ఏ ఫోల్డర్). ఏదైనా తీసేసే ముందు ఈ మూడూ కొట్టండి. లైవ్ సర్వర్ ప్రాంప్ట్‌కి ఎరుపు రంగు పెట్టుకోండి. అవసరం లేని టెర్మినళ్లు మూసేయండి.

ఇక ఫైళ్లు తీసేసే కమాండ్ ఆర్‌ఎం. దీనికి రీసైకిల్ బిన్ లేదు. ఫోల్డర్లతో సహా తీసేయమంటూ స్లాష్ వార్ స్లాష్ లాగ్ స్లాష్ యాప్ స్లాష్ స్టార్ అని కొట్టబోతూ, యాప్ తర్వాత పొరపాటున ఒక్క స్పేస్ పడిందనుకోండి. చివరి స్లాష్ స్టార్ విడిపోయి, సర్వర్‌లో ఉన్నదంతా అని అర్థం మారిపోతుంది. ఇప్పటి లినక్స్‌లో ఉత్త స్లాష్ ఇస్తే ఆర్‌ఎం ఒప్పుకోదు కానీ, స్లాష్ స్టార్‌ని షెల్ (మనం కొట్టిన కమాండ్ చదివే ప్రోగ్రాం) ముందే విడగొట్టి ఇస్తుంది కాబట్టి ఆ కాపలా పనికిరాదు. ముందు అదే లైన్‌ని ఆర్‌ఎం బదులు, పేర్లు మాత్రమే చూపించే ఎల్‌ఎస్‌తో కొట్టండి. కనిపించిన పేర్లన్నీ పోయినా పరవాలేదు అనుకుంటేనే ముందుకెళ్లండి.

చెప్పిన టైముకి జాబులు వాటంతటవే నడిచేలా రాసుకునే లిస్టు క్రాన్‌ట్యాబ్. దాని దగ్గర నేను ఒకసారి దెబ్బ తిన్నాను. ఎడిట్ చేయడానికి మైనస్ ఈ, మొత్తం తీసేయడానికి మైనస్ ఆర్. కీబోర్డు మీద ఈ రెండు అక్షరాలూ పక్కపక్కనే ఉంటాయి. వేలు జరిగింది, రాత్రి నడవాల్సిన జాబులన్నీ పోయాయి. అప్పటినుంచి ముందు మైనస్ ఎల్‌తో లిస్టు తీసి ఫైల్‌లో దాచుకోకుండా క్రాన్‌ట్యాబ్ ముట్టుకోను. అలా ఫైల్‌లోకి పంపేటప్పుడు కూడా చూసుకోండి: ఒక బాణం గుర్తు పెడితే ఆ ఫైల్‌లో పాతది చెరిగిపోతుంది, రెండు పెడితే కింద చేరుతుంది.

నెట్‌వర్క్ పని ఇంకా టెన్షన్. మీరు కూర్చున్న కొమ్మే అది. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉండి ఫైర్‌వాల్ ఆన్ చేస్తున్నారా? ఎస్‌ఎస్‌హెచ్ మామూలుగా వాడే పోర్ట్ 22కి అనుమతి ముందే ఇచ్చారో లేదో చూడండి. ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ మారిస్తే ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ టీతో తప్పులున్నాయేమో చూసుకోండి. తర్వాత పాత సెషన్ మూయకుండా ఇంకో విండోలో లాగిన్ అయి చూడండి. సిస్కో స్విచ్‌లో మార్పుకి ముందు కాన్ఫిగ్ సేవ్ చేసి, 'రీలోడ్ ఇన్ 10' పెట్టండి. కనెక్షన్ తెగిపోతే పది నిమిషాల్లో స్విచ్ పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే రీలోడ్ క్యాన్సిల్ చేసి, అప్పుడు సేవ్ చేయండి.

స్విచ్‌లో నెట్‌వర్క్‌ని విడగొట్టిన ఒక్కో భాగం వీలాన్, చాలా వీలాన్లను మోసేది ట్రంక్ పోర్ట్. ఆ ట్రంక్ పోర్ట్‌లో కొత్త వీలాన్ చేర్చేటప్పుడు 'యాడ్' అనే మాట మర్చిపోవద్దు. అది లేకుండా 'అలవ్డ్ వీలాన్ 30' అని కొడితే పాత వీలాన్లన్నీ పోయి 30 ఒక్కటే మిగులుతుంది. ఫ్లోర్ మొత్తానికి నెట్ ఆగిపోవడానికి ఇది చాలు.

ఇంట్లో వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్‌లో స్నాప్‌షాట్ తీసుకుని ఈ తప్పులన్నీ కావాలనే చేసి చూడండి. స్లాష్ స్టార్ కొట్టండి, మిమ్మల్ని మీరే లాక్ చేసుకోండి, మళ్లీ తేరుకోండి.

మార్పు చేయాల్సిన రోజు కమాండ్లు వరుసగా ముందే రాసుకోండి. ఒక్కో దాని పక్కన దాన్ని వెనక్కి తిప్పే కమాండ్ కూడా రాయండి. ఆ రెండోది ఎక్కడ రాయలేకపోయారో అక్కడ ఆగి, మీ సీనియర్‌కి ఫోన్ చేయండి, అర్ధరాత్రి రెండైనా సరే.