క్లౌడ్‌ బరస్ట్ అని రాసే ముందు మూడు ప్రశ్నలు

జిల్లా డెస్క్‌లో కాపీ దిద్దడం నా పని. వానాకాలం వచ్చిందంటే చాలు, చినుకు పడిన ఊరల్లా క్లౌడ్‌ బరస్ట్ అయిపోతుంది. కొత్తగా చేరిన సబ్ ఎడిటర్లకు నేను చెప్పేది ఇది: వాతావరణ శాస్త్రం మాట ఏది కనబడినా విలేకరికి ఫోన్ కొట్టి ఎంత, ఎంత మేర, ఎంతసేపు అని అడగండి. జవాబు రాకపోతే ఆ మాట కొట్టేసి, అక్కడ జరిగింది రాయండి.

సుమారు 20 నుంచి 30 చదరపు కిలోమీటర్ల చోట ఒక్క గంటలో 10 సెంటీమీటర్లు, ఆపైన కురిస్తేనే వాతావరణ శాఖ లెక్కలో అది క్లౌడ్‌ బరస్ట్. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ క్లౌడ్‌ బరస్ట్ ప్రస్తావన తెచ్చి, విదేశాల కుట్ర ఉందేమోనన్న అనుమానం కూడా బయటపెట్టారు. కానీ ఆ వరద పరీవాహకంలో రోజుల తరబడి పడ్డ వానలతో వచ్చింది. ఎంత మేర, ఎంతసేపు అని అడిగితే అక్కడే తేలిపోయేది. ముఖ్యమంత్రి అన్నాక వేయకుండా ఉండలేం, నిజమే. ఆయన మాట ఆయన పేరు మీదే ఉంచి, పక్కన వర్షపాతం లెక్క పెట్టండి. హెడ్డింగ్‌లోకి మాత్రం ఎక్కించొద్దు.

వడగాడ్పులకూ కొలత ఉంది. మైదాన ప్రాంతంలో కనీసం 40 డిగ్రీలు ఉండి, మామూలు కంటే 4.5 డిగ్రీలైనా పెరగాలి. లేదా నేరుగా 45 తాకాలి. తీరంలో 40కి బదులు 37. రెంటచింతలలో మే నెలలో 42 డిగ్రీలంటే అక్కడి వాళ్లు అది మే నెల అంటారు, అంతే.

ఎక్కువ గొడవ జరిగేది ఉద్గారాల దగ్గర, అంటే బండ్లు, ఫ్యాక్టరీలు వదిలే కార్బన్ డయాక్సైడ్ దగ్గర. '2020 లాక్‌డౌన్‌లో ఉద్గారాలు తగ్గాయి, అయినా గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగింది, కాబట్టి ఈ భూతాపం మాటంతా బోగస్' అని ఉత్తరాలొస్తాయి. మన పాఠకుడికి క్యూసెక్కులు, టీఎంసీల తేడా ఎవరూ నేర్పక్కర్లేదు, దాంతోనే చెప్పండి. శ్రీశైలానికి ఇన్‌ఫ్లో కాస్త తగ్గినా, అవుట్‌ఫ్లో అంతకన్నా తక్కువుంటే మట్టం పెరుగుతూనే ఉంటుంది. ఉద్గారాలు ఇన్‌ఫ్లో, గాలిలో పేరుకున్నది నిల్వ. ఆ నిల్వ పరిశ్రమల యుగానికి ముందు పది లక్షల భాగాల్లో సుమారు 280. ఇప్పుడు 420 దాటింది.

ఇక 1.5 డిగ్రీలు, అంటే భూమి సగటు వేడి 1850-1900 నాటి కంటే అంతకు మించి పెరగకుండా చూడాలని పారిస్ వాతావరణ ఒప్పందం పెట్టుకున్న గీత. 2024 ఏడాది సగటు ఆ గీత దాటగానే 'పారిస్ ఒప్పందం ఫెయిల్' అన్న హెడ్డింగులు తయారయ్యాయి. ఒప్పందం చెప్పేది ఒక్క ఏడాది గురించి కాదు, దీర్ఘకాలపు సగటు గురించి. అలాగని 'ఇంకా దాటలేదు, భయం లేదు' అనీ రాయకండి. ఏడాదీ, 1850-1900 సగటుతో పోలికా రెండూ వాక్యంలో ఉంటే చాలు. ఆదిలాబాద్‌లో చలి పెరిగిన వారం 'భూతాపం ఏమైంది?' అంటూ వచ్చే వ్యాసాలను పక్కన పెట్టేయండి, వాటి మీద టైమ్ దండగ.

ఎడిషన్ వెళ్లిపోయే వేళకు గంటల వారీ లెక్క దొరకదు. మండలాల వారీగా 24 గంటల వర్షపాతం వేసి, కుండపోత అని రాసేయండి. తెల్లారాక లెక్క వస్తే సిటీ ఎడిషన్‌లో మార్చుకోవచ్చు.