ఫర్‌స్వంక్: ఈ పాత ఇంగ్లీషు మాటను సరిగ్గా వాడటం ఎలా?

పదాల పుట్టుక చెప్పే పెద్ద నిఘంటువు, నోటుబుక్కు, పెన్సిల్ ఉంటే చాలు.

ముందు మాటను విడదీయండి. స్వింక్ అంటే పాత ఇంగ్లీషులో కష్టపడి పని చేయడం. డ్రింక్, డ్రాంక్, డ్రంక్ లాగే స్వింక్, స్వాంక్, స్వంక్. ముందున్న 'ఫర్'కి 'కోసం' అనే అర్థం లేదు. ఫర్‌లార్న్ (దిక్కులేని) అనే మాటలో ఉన్న ఫర్ ఇదే: పూర్తిగా, పాడయ్యేదాకా అని. రెండూ కలిపితే, చాకిరీతో ఒళ్ళు హూనమైన అని అర్థం.

తర్వాత ఒక పాత వాడుక చూడండి. ఇంగ్లీషు కవి స్పెన్సర్ 1579లో అచ్చువేసిన షెపర్డ్స్ క్యాలెండర్ అనే పద్యాల పుస్తకంలో, ఏప్రిల్ భాగంలో ఉంది. అప్పటికే పాతబడిన మాట కాబట్టి ఆ పుస్తకంలోనే అర్థం కూడా ఇచ్చారు. అక్కడ దీని పక్కన ఫర్‌స్వాట్ ఉంటుంది. అందులో ఉన్నది చెమట. రెండూ జతగానే నేర్చుకోవాలి. 'వంద అరుదైన పదాలు' లాంటి జాబితాలు బట్టీ పట్టేవాళ్ళకు ఈ జత ఎప్పటికీ తెలియదు. వేరు పట్టుకుంటే మాట మరిచిపోరు.

ఇక అందరూ తప్పు చేసేది ఇక్కడే. అలసట కనిపిస్తే చాలు, ఈ మాట తెచ్చి పెడతారు. జ్వరంతో నీరసపడ్డ మనిషికి పెడతారు, రాత్రంతా సినిమాలు చూసి తూలుతున్న కుర్రాడికీ పెడతారు. దయచేసి అలా చేయకండి. మన భాషలో నీరసం వేరు, విసుగు వేరు, బడలిక వేరు. ఇంగ్లీషులోనూ అంతే. వాక్యం రాశాక 'ఏం పని చేసి?' అని అడగండి. నాట్లు వేసి, మూటలు మోసి, ఇల్లంతా కడిగి అని జవాబు రావాలి. రాకపోతే మాట కొట్టేయండి. ప్రయాణపు బడలికకైతే ఫర్‌స్పెంట్ (శక్తంతా ఖర్చయిపోయిన) నయం. షేక్‌స్పియర్ నాలుగో హెన్రీ నాటకం రెండో భాగంలో, గుర్రాన్ని దౌడు తీయించి సొమ్మసిల్లేలా ఉన్న మనిషికి ఆ మాటే వాడాడు.

ఇంకో జాగ్రత్త: ఇది ఇప్పటికే భూతకాల రూపం. చివర 'ఎడ్' తగిలించకూడదు, 'ఇంగ్' అసలే వద్దు. 'ఐ యామ్ ఫర్‌స్వంక్' అంటే సరిపోతుంది. ముందు 'వెరీ' కూడా పెట్టకండి, ఆ పని 'ఫర్' చేసేసింది.

ఒక రచనలో ఒక్కసారే వాడాలి. ఆఫీసు మెయిల్లో వద్దు, సెలవు అడిగేటప్పుడు టయర్డ్ అనే రాయండి. కథలోనో కవితలోనో, పొలం నుంచి వచ్చి అరుగు మీద కూలబడ్డ మనిషి దగ్గర పెట్టండి.