తీరప్రాంతంలో కారు ఇనుముకు తుప్పు: లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి మందు

నెల్లూరు జిల్లా మైపాడు నుంచి ప్రకాశం జిల్లా కొత్తపట్నం దాకా సముద్రం దగ్గర కారు పెట్టుకుంటే తుప్పు తప్పదని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ చాలు. ఉప్పు తోడైతే ఆ పని చాలా వేగంగా సాగుతుంది. మన ప్రాంతంలో గాలిని ఆపలేం, తేమనూ ఆపలేం. ఉప్పును మాత్రం కడిగి తీసేయవచ్చు. రంగైనా, గ్రీజైనా, మైనమైనా ఉప్పు పోయిన ఇనుము మీదే నిలుస్తుంది. ఈ ఒక్క పని చేయకుండా ఖరీదైన డబ్బాలు కొంటే డబ్బు దండగ.

గీకి తెల్లగా చేసిన ఇనుము తెల్లవారేసరికి ఎర్రబడింది

వైర్ బ్రష్‌తోనో గ్రైండర్‌తోనో మెరిసేలా గీకిన ఛాసిస్ భాగం మర్నాటికే ఎర్రబడితే, సరిగా గీకలేదని మళ్లీ గీకడం మొదలుపెడతారు. ముందు ఆ ఎరుపు ఎలా వచ్చిందో వెలుతురులో చూడండి.

అంతటా ఒకే తీరుగా పలుచని పొరలా వస్తే అది కేవలం తేమ. రాత్రి చల్లబడిన ఇనుము మీద తెల్లవారుజాము గాలిలోని తేమ నీరుగా పేరుకుంటుంది. దీనికి భయపడనక్కర్లేదు. పొడి ఎమ్రీ కాగితంతో రుద్ది, వెంటనే పూత వేస్తే సరిపోతుంది. వేలిముద్రల ఆకారంలో వస్తే అది మీ చెమటలోని ఉప్పు. గీకిన భాగాన్ని ఉత్త చేతులతో పట్టుకోవద్దు, గ్లవ్స్ వేసుకోండి.

చుక్కలు చుక్కలుగా, నల్లటి మచ్చల చుట్టూ వస్తే మాత్రం అసలు శత్రువు లోపలే ఉంది. తుప్పు తిన్న చోట కంటికి ఆనని గుంటలు ఏర్పడతాయి, ఉప్పు వాటి అడుగున చేరుతుంది. బ్రష్ పైపైన నునుపు చేస్తుందే తప్ప అక్కడికి చేరదు. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే కరిగి నీరవుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం తేమ చాలు. కార్తీక మాసపు ముసురులో వంటింటి ఉప్పు జాడీ చెమ్మగిల్లినట్టే ఆ గుంటలూ చెమ్మగిల్లుతాయి. అందుకే చుక్క వాన పడకపోయినా, కారు షెడ్డు దాటకపోయినా తుప్పు నడుస్తూనే ఉంటుంది.

ఇలాంటి చోట గీకడం ఒక్కటే చాలదు. రేకులుగా లేచే తుప్పును గీకి తీశాక, సబ్బు నీళ్లు పోసి గట్టి బ్రష్‌తో గుంటల్లోకి పోయేలా రుద్దండి. మంచినీళ్లతో ధారాళంగా కడగండి. వెంటనే కంప్రెసర్ గాలితో ఆరబెట్టండి. కడిగినందుకు పైన పలుచని ఎరుపు వస్తుంది, రానివ్వండి. దాన్ని పొడిగా గీకి, ఒక రాత్రి వదిలి చూడండి. చుక్కలు మళ్లీ వస్తే మళ్లీ కడగండి. చుక్కలు రావడం ఆగినప్పుడు చివరిసారి గీకి, థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆ పూటే ప్రైమర్ వేయాలి. ఓపిక కావాల్సిన పనే. అయినా మిగతా అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

వారం వారం కడిగిస్తున్నా అడుగు భాగం తింటూనే ఉంది

కడుగుతున్న నీళ్లనే అనుమానించండి. తీర మండలాల్లో చాలా చోట్ల బోరు నీరే ఉప్పగా ఉంటుంది. ఆ నీళ్లతో కడిగి ఎండలో ఆరబెడితే నీరు ఆవిరైపోతుంది, ఉప్పు అతుకుల్లో మిగిలిపోతుంది. అంటే వారానికోసారి డబ్బిచ్చి ఉప్పు పెట్టించుకుంటున్నట్టే. నీళ్ల ప్లాంట్లు వదిలేసే వృథా నీటితో కార్లు కడగడం ఇంకా అన్యాయం. శుద్ధి చేసిన నీటిలోంచి తీసేసిన లవణాలన్నీ చిక్కబడి చేరేది ఆ వృథా నీటిలోనే.

పరీక్ష తేలిక. శుభ్రమైన గాజు ముక్క మీద కొన్ని చుక్కలు వేసి ఎండబెట్టండి. తెల్లటి మందపు మరక మిగిలితే ఆ నీరు పనికిరాదు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు దొరికితే ఇంకా మంచిది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. కారు కడగడానికీ నేను అదే హద్దు పాటిస్తాను. మంచినీళ్లు తక్కువగా ఉంటే మట్టి వదలగొట్టడానికి బోరు నీళ్లు వాడుకోండి, కానీ చివరి రెండు బకెట్లు మంచినీళ్లే కావాలి.

రొయ్యల చెరువు గట్ల మీద, ఇస్కపల్లి ఉప్పు కొఠారుల వైపు తిరిగే బండ్లకు మరో జాగ్రత్త. మడ్‌గార్డుల లోపలి అంచున పట్టిన బురద పైకి ఎండినట్టు కనిపించినా లోపల తడిగానే ఉంటుంది, ఆ తడి ఉప్పుతడి. దాన్ని అదే రోజు వేళ్లతో తీసి కడగాలి. డోర్ల కింది అంచున నీరు పోయే రంధ్రాలు ఉంటాయి. బురదతో మూసుకుపోయాయేమో సన్నటి ప్లాస్టిక్ పుల్లతో పొడిచి చూడండి. డోర్లు చాలావరకు లోపలి నుంచి బయటికి తింటాయి. బుడగ కనిపించేటప్పటికి రేకు సగం పోయి ఉంటుంది.

ప్రైమర్ వేసినా నెల తిరక్కుండా పొంగింది

గుంటల్లో ఉప్పు ఉండగా వేయడం మొదటి కారణం, పై పద్ధతే దానికి మందు. రెండో కారణం రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక్కటే వేసి వదిలేయడం. అది పై రంగుకు పట్టు ఇవ్వడానికే తప్ప నీటిని ఆపడానికి కాదు, తేమను లోపలికి రానిస్తుంది. దాని మీద పెయింటు తప్పనిసరి. తీరంలో ఉన్నవారు రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్‌కు మారితే ఖర్చు గిట్టుబాటవుతుంది. మూడోది వాతావరణం. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈ పని పెట్టుకోవద్దు. గాలిలో తేమ 85 శాతం దాటితే పూత వేయకూడదన్నది పెయింటు పనిలో అందరూ పాటించే నియమం. ఫిబ్రవరి తర్వాత ఎండెక్కాక మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించండి.

తుప్పును నల్లగా మార్చే రస్ట్ కన్వర్టర్ల గురించి చాలామంది అడుగుతారు. వాటిలో ఫాస్ఫారిక్ ఆమ్లమో టానిక్ ఆమ్లమో ఉంటుంది. టానిన్ ఇనుముతో కలిసి నల్లబడటం మనకు కొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుప కషాయంతో నలుపు తెచ్చేది ఈ గుణంతోనే. గట్టిగా అంటుకుని గీకుడుకు రాని కొద్దిపాటి తుప్పు మీద ఇవి బాగా పనిచేస్తాయి. రేకులుగా లేచే తుప్పు మీద పూస్తే రేకుతో పాటే ఊడిపోతాయి. ఉప్పును మాత్రం ఏదీ తీయదు. ఆమ్లం మిగిలిన చోట ఎపాక్సీ పట్టదు కాబట్టి కన్వర్టర్ డబ్బా మీది సూచనలూ, ప్రైమర్ డబ్బా మీది సూచనలూ చదివాకే జత చేయండి.

బాత్రూమ్ యాసిడ్‌తో తుప్పు తీయడం దయచేసి మానేయండి. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. వదిలించుకోవాల్సిన క్లోరైడునే తెచ్చి పూస్తుంది. దాని ఆవిరికి షెడ్డులోని పానాలూ తుప్పు పడతాయి. గట్టిపరచిన స్ప్రింగులు, బోల్టులు పెళుసై విరిగే ప్రమాదం కూడా ఉంది.

కాలిన ఆయిల్ కొట్టిస్తున్నా లాభం లేదు

వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో దహనం వల్ల పుట్టిన ఆమ్లాలు ఉంటాయి. దుమ్మును అంటించుకుని ఆ దుమ్ములో తడిని పట్టి ఉంచుతుంది, రబ్బరు బుష్‌లను ఉబ్బిస్తుంది, కారి నేలను పాడుచేస్తుంది. డీజిల్ అయితే ఎక్కువ కాలం నిలవదు. తడి వదలగొట్టే పలుచని స్ప్రేలు కూడా తాత్కాలికమే, వారాల రక్షణ వాటి నుంచి ఆశించవద్దు.

రంగు వేయలేని ఛాసిస్ సందులకు, బాక్సు భాగాల లోపలికి మైనపు రస్ట్ ప్రివెంటివ్ మంచిది. ఆరాక జిగట ఉండదు, దుమ్ము పట్టదు. లానోలిన్ కూడా బాగా నిలుస్తుంది. అది గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు. మన నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని ఉండదు కాబట్టి ఇక్కడ దాని వాడకం తెలిసినవారు తక్కువ. ఇంకో మాట: ఏడాది కిందట కొట్టించిన నల్లటి రబ్బరు కోటింగు ఒక చోట పగిలినా దాని వెనుక నీరు చేరి, బయటికి తెలియకుండా తింటుంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. బోలుగా మోగిన చోట పీకి తీయాల్సిందే.

బ్రేక్ డిస్కులు ఎర్రబడ్డాయి

రాత్రి వానకో, కడిగిన మర్నాటికో వచ్చే పలుచని ఎరుపు సహజం. మెల్లగా నడుపుతూ నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. డిస్కు మీద ఆయిల్, గ్రీజు, మైనం ఏదీ తగలకూడదు, అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఎరుపు పోయాక గుంటలు, అంచున మెట్టు కనిపిస్తే డిస్కు మీదే ముద్రించి ఉండే కనీస మందంతో పోల్చి కొలిచి చూసి, తగ్గితే మార్చాలి. వారాల తరబడి నిలిపే బండికి హ్యాండ్‌బ్రేకు వేయకండి. చదునైన చోట గేరులో ఉంచి చక్రాలకు అడ్డం పెట్టండి.

నట్లు కదలడం లేదు

తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే మరలు బిగుసుకుపోతాయి. పెనిట్రేటింగ్ ఆయిల్ వేసి రాత్రంతా వదలండి. తర్వాత కొద్దిగా బిగిస్తూ, కొద్దిగా వదులు చేస్తూ తిప్పండి. మళ్లీ బిగించేటప్పుడు సైలెన్సర్ బోల్టులకు, మరలు బిగుసుకుపోకుండా చూసే యాంటీ సీజ్ పూయండి. చక్రాల స్టడ్‌లకు మాత్రం వద్దు, వాటి బిగింపు లెక్క పొడి మరలకు చెప్పినది.

షెల్ఫులో దాచిన స్పేర్ పార్టులు తుప్పు పట్టాయి

పాత వార్తాపత్రికలో చుట్టి సిమెంటు నేల మీద పెట్టడమే కారణం. కాగితం తేమను పీల్చి పార్టుకు అంటిస్తుంది. బేరింగులు, గేర్లు, యాక్సిల్ మరల వంటివి కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, గ్రీజు పలుచగా అంతటా పూసి, తుప్పు నిరోధక వీసీఐ కాగితంలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, నేలకు ఎత్తున చెక్క బల్ల మీద ఉంచండి. గ్రీజు పూసే ముందు పార్టు పూర్తిగా పొడిగా ఉండాలి, తడి మీద పూస్తే ఆ తడి గ్రీజు కిందే ఉండిపోతుంది. వానాకాలం మొదలయ్యే ముందు, ముసురు తగ్గాక ఒకసారి సంచులు విప్పి చూసుకోండి.