కుక్కకి పచ్చి ఎముక ఇవ్వాలనుకుంటే, జాగ్రత్త మటన్ కొట్టు దగ్గరే మొదలవ్వాలి

ఆదివారం మటన్ కూర తిన్నాక కంచంలో మిగిలిన ఎముకలు కుక్కకి వేయడం మన ఇళ్లల్లో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. పచ్చి ఎముకల సంగతికి వచ్చే ముందు ఈ అలవాటు మానేయమని అడుగుతున్నాను. ఉడికిన ఎముక పెళుసుగా అయిపోతుంది, కొరికితే సూదుల్లాంటి చీలికలు వస్తాయి, అవి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. బిర్యానీలో కోడి కాలు ఎముక, తందూరీ ఎముక అయితే ఇంకా ఘోరం. పైగా కూరలో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, రెండూ కుక్క రక్తానికి చేటు చేసేవే.

మా బంగారి నాటు కుక్క, 22 కిలోలు. రెండేళ్ల కిందట ఇంటికొచ్చిన చుట్టాలు ప్రేమ కొద్దీ కూరలో ఎముకలు గుప్పెడు వేశారు. మర్నాటి నుంచి పెరట్లో నడుం వంచి కూర్చుని ముక్కడం, ఏమీ రాకపోవడం, మళ్లీ నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చోవడం. ఎక్స్‌రే తీస్తే పేగు చివర ఎముక ముక్కలు సిమెంటులా గట్టిపడి ఉన్నాయి. మత్తిచ్చి ఎనిమా చేసి తీశారు. ఆ రోజు దాని మూలుగు విన్నాక, ఎముక ఇవ్వాలంటే తెలుసుకునే ఇవ్వాలని పట్టుదల వచ్చింది.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. పచ్చిదైనా సరే అసలు ఎముకే వద్దు అనే పశువైద్యులు చాలామంది ఉన్నారు, వాళ్ల మాటలో న్యాయం ఉంది, ఎందుకంటే పచ్చి ఎముక వల్ల కూడా పళ్లు విరుగుతాయి, పేగు అడ్డుపడుతుంది. మీ కుక్క దేన్నైనా నమలకుండా గుటుక్కున మింగేసే రకమైతే, పళ్లు అరిగిన ముసలిదైతే, ఇదివరకు పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చి ఉంటే, ఇంకా పాలపళ్లు ఊడుతున్న పిల్ల అయితే ఇవ్వొద్దు. ఇంట్లో చంటిపిల్లలు, గర్భిణులు, కీమో తీసుకుంటున్నవాళ్లు ఉన్నా వద్దనే నా అభిప్రాయం. పచ్చి మాంసంలో సాల్మొనెల్లా లాంటి క్రిములు ఉండొచ్చు, కుక్కకి ఏమీ కాకపోయినా దాని మూతి నుంచీ మలం నుంచీ మనుషులకి అంటుకుంటాయి. ఫ్రీజర్‌లో పెడితే అవి చచ్చిపోతాయని చాలామంది అనుకుంటారు, చావవు, నిద్రపోతాయంతే.

ఇక కొట్టు దగ్గర. పొద్దున్నే, ఎండెక్కక ముందే వెళ్లండి. మామూలుగా మటన్ కొట్టులో ఎముకలు అడిగితే మనం సూప్‌కి అడుగుతున్నామనుకుని మొద్దు మీద పెట్టి టకటకా చిన్న ముక్కలు కొట్టేస్తారు. ఆ కత్తి దెబ్బ పడిన చోట అంచు వేలితో తడిమి చూడండి, గాజు పెంకులా ఉంటుంది. అందుకే ముందే చెప్పాలి: "అన్నా, కుక్కకి, కొట్టకుండా మొత్తం ఇవ్వు." ఆ ఒక్క మాటతో సగం ప్రమాదం తప్పుతుంది.

ఏ భాగం అడగాలి? ఎముక కుక్క మూతి కంటే పొడుగ్గా ఉండాలి, మొత్తం నోట్లో పట్టకూడదు. బంగారికి నేను మేక మెడ మొత్తంగానీ, విడగొట్టని పక్కటెముకల పలకగానీ, మెత్తటి ఎముక ఎక్కువుండే రొమ్ము భాగంగానీ తీసుకుంటాను. లాబ్రడార్ లాంటి పెద్ద దవడకి మేక ఎముకలు పప్పుల్లా నలిగిపోతాయి, కాబట్టి వాటికి పెద్ద కూర కొట్టులో దొరికే గేదె కీలు దగ్గరి గుండ్రటి భాగం నయం. గేదె తొడ ఎముక మధ్యభాగం మాత్రం తేవద్దు, అది రాయి. కుక్క పై దవడలో బుగ్గ వెనకాల ఒక పెద్ద పన్ను ఉంటుంది, గట్టి ఎముకల మీద పెచ్చులా చీలిపోయేది సాధారణంగా అదే. గోటితో నొక్కితే కాస్తయినా సొట్ట పడని వస్తువు కుక్కకి నమలడానికి ఇవ్వకూడదని ఒక లెక్క చెబుతారు. ఆ లెక్కన చాలా ఎముకలు పనికిరావు, అందుకే మెత్తటి ఎముకా మాంసమూ అంటుకున్న భాగం కోసం వెతకమంటున్నాను.

నల్లి ముక్కల గురించి విడిగా చెప్పాలి. ఉంగరంలా కోసిన గేదె నల్లి కింది దవడకి గాజులా ఎక్కి కోరపళ్ల వెనకాల ఇరుక్కుంటుంది, అప్పుడు డాక్టరు కోసి తీయాల్సిందే. మూలుగ అంతా కొవ్వే కాబట్టి ఎక్కువ తింటే విరేచనాలు. ఎముకతో పాటు పచ్చి ఊపిరితిత్తులు, కార్జం ముక్కలు ఊరికే ఇస్తామంటే కూడా తీసుకోవద్దు, హైడాటిడ్ తిత్తులు (ఒక రకం బద్దెపురుగు పిల్లలుండే నీటి సంచులు) ఎక్కువగా ఉండేది వాటిలోనే, ఆ పురుగు కుక్కలో పెరిగి దాని గుడ్లు మనుషుల దాకా వస్తాయి. బద్దెపురుగుల మీద పనిచేసే మందు డాక్టరుని అడిగి క్రమం తప్పకుండా వేయించండి.

ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో మూత పెట్టి ఉంచండి. ఉప్పూ పసుపూ రాయకండి, "ఒక్క పొంగు" కూడా రానివ్వకండి. కుక్క అన్నం తిన్నాక ఇవ్వండి, ఆకలి మీద ఇస్తే నమలదు, మింగుతుంది. కడగడానికి వీలుగా ఉండే గచ్చు మీద, రెండు కుక్కలుంటే వేర్వేరు గదుల్లో ఇచ్చి, మీరు పక్కనే కూర్చోండి. బంగారి రెండు ముందు కాళ్ల మధ్య ఎముక నిలబెట్టి, తల పక్కకి వంచి, కళ్లు సగం మూసి వెనక పళ్లతో గీకుతూ ఉంటుంది, అలా ఉన్నంతసేపు భయం లేదు. కటుక్కున ముక్క విరిగిన చప్పుడు వచ్చిందంటే ఆరోజుకి అయిపోయినట్టే. ఏమీ విరగకపోయినా 15, 20 నిమిషాలు చాలు. తీసేటప్పుడు నోట్లోంచి లాక్కోకండి, ఎంత మంచి కుక్కయినా కరవొచ్చు. నేను ఉడికించిన చికెన్ ముక్క నాలుగడుగుల దూరంలో వేసి, అది అటు వెళ్లాక తీసేస్తాను. మిగిలింది మర్నాటికి దాచను, ఎండిన కొద్దీ పెళుసవుతుంది. వీధిలోకి విసరకుండా కవర్లో కట్టి చెత్తబండిలో వేయండి, లేకపోతే వీధికుక్కలు దానికోసం కొట్టుకుంటాయి. గచ్చు, గిన్నె, చేతులు సబ్బుతో కడగాలి, కాసేపు మొహం నాకనివ్వొద్దు.

మర్నాడు మలం చూడండి. తెల్లగా సుద్దలా పొడిపొడిగా ఉంటే ఎముక ఎక్కువైందని, తర్వాతసారి బాగా ఎడం ఇవ్వండి. మాకు పది రోజులకొకటి సరిపోతోంది.

ఆగకుండా వాంతులు, చొంగ కారడం, కాలితో మూతి గీరుకోవడం, పొట్ట బిగుసుకోవడం, ముక్కినా రాకపోవడం, నల్లటి మలం లేదా రక్తం, వీటిలో ఏది కనపడినా పొద్దుటి దాకా చూద్దాం అనుకోవద్దు. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి, ఎముక పైకొచ్చేటప్పుడు కూడా చీరుతుంది. మలద్వారం దగ్గర ముక్క వేలాడుతున్నా లాగొద్దు. డాక్టరుకి ఫోన్ చేసి ఏ ఎముక, ఎంత ముక్క, ఎన్ని గంటలకి మింగిందో చెప్పండి, మిగిలిన ముక్క ఉంటే కవర్లో వేసుకుని తీసుకెళ్లండి.